కాడే పంటైనప్పుడు

(బయోమాస్ గడ్డి పంటల, అంటే ఇంధనం కోసం పెంచే గడ్డి పంటల, కాండం బలం గురించి వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులు, రైతులు కలిసి కూర్చున్న ఒక సభలో చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరు చెడకుండా అక్కడక్కడా కొద్దిగా సవరించాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్న రైతులు దయచేసి ముందుకు రండి. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, మైకు కూడా అంత బాగా లేదు. విద్యార్థులు వెనక్కి వెళ్లినా ఫరవాలేదు, వాళ్లకు అలవాటే. (నవ్వులు)

గాలివానకు చేను పడిపోవడం గురించి ఈ హాల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. వరి పాలు పోసుకునే వేళ తుపాను వస్తే ఏమవుతుందో డెల్టాలో ప్రతి ఇంటికీ తెలుసు. ఈ బాధకు వరిలో 1966లో ఒక గట్టి జవాబు దొరికింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్8 రకాన్ని విడుదల చేసింది. మరుసటేడే అది పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో పండింది. 1968లో మన రాజేంద్రనగర్ నుంచి జయ వచ్చింది. వీటి వెనక ఉన్న కిటుకు ఒకటే, మొక్కను పొట్టి చేశారు. పాత రకాలకు ఎరువు వేస్తే ఏపుగా పెరిగి కంకి బరువుకు ఒరిగిపోయేవి. పొట్టి రకాలు ఎంత ఎరువు తిన్నా నిలబడ్డాయి, తిన్నదాన్ని గింజలోకి పంపాయి.

వరిలో గడ్డి కాస్త తగ్గినా సర్దుకుపోతాం, మనకు కావలసింది గింజ. ఈరోజు మాట్లాడుకోబోయే పంటల్లో గింజతో పని లేదు. ఎత్తైన గడ్డి జాతులైన నేపియర్, మిస్కాంథస్, స్విచ్‌గ్రాస్, ఎనర్జీ చెరకు, బయోమాస్ కోసం పెంచే జొన్న. వీటన్నిటిలో కాడే పంట. పొట్టి చేశారంటే దిగుబడినే కత్తిరించినట్టు. అందుకని హరిత విప్లవం మనకు నేర్పిన ఉపాయం ఇక్కడ చెల్లదు. మూడు నాలుగు మీటర్ల కాడను గాలిలో అలాగే నిలబెట్టాలి. నిలబడ్డ దాన్ని మళ్లీ సులువుగా కోయాలి, ముక్కలు చేయాలి, మగ్గబెట్టి గ్యాసు తీయాలి, లేదా పొడి చేసి గుళికలు కట్టాలి. కాడను నిలబెట్టే గుణం, కాడను నలగనివ్వని గుణం రెండూ ఒకటే అయితే మనం ఇరుక్కుపోయినట్టే. అవి రెండూ పూర్తిగా ఒకటి కావన్నది నా వాదన. ఇవాళ నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు కాడ లోపల ఏముందో చూద్దాం. జొన్న చొప్పను అడ్డంగా కోసి చూసినవాళ్లు చెప్పండి, ఏం కనబడుతుంది? బయట గట్టి పెంకు. లోపల తెల్లటి బెండు. బెండులో చుక్కలు చుక్కలుగా నారలు. ఆ చుక్కలు నీటినీ ఆహారాన్నీ మోసే గొట్టాల కట్టలు. ఒక్కో కట్ట చుట్టూ దళసరి గోడల నారకణాలు తొడుగులా ఉంటాయి. ఇక్కడ గమనించాల్సింది, ఆ చుక్కలు అంతటా సమంగా ఉండవు. మధ్యలో ఎడంగా, అంచుకు పోయేకొద్దీ ఒత్తుగా ఉంటాయి. పెంకు దగ్గర దాదాపు ఒకదాన్నొకటి తాకుతుంటాయి.

ఇదెందుకంటే, కాడ వంగినప్పుడు గాలి వచ్చే వైపు సాగుతుంది, అవతలి వైపు నొక్కుకుపోతుంది. నడిమధ్యలో సాగడమూ ఉండదు, నొక్కుడూ ఉండదు. గట్టి పదార్థం అంచున ఉంటేనే దానికి పని. మధ్యలో పెడితే ఉత్త బరువు. ఈ సంగతి గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో గడ్డి పరకను చూపించే చెప్పాడు. తన మొత్తం బరువుకన్నా ఎక్కువ బరువున్న కంకిని మోసే బోలు పరక, అంతే పదార్థంతో లోపల నిండుగా ఉండి ఉంటే, అంత బలంగా ఉండేది కాదన్నాడు. తరువాత 1874లో సైమన్ ష్వెండెనర్ అనే స్విస్ వృక్షశాస్త్రవేత్త ఏకదళబీజ మొక్కల కాండాలను వరసగా కోసి చూసి, నారకణాలు ఎక్కడ పేర్చుకుని ఉన్నాయో గీసి, వంతెన కట్టే ఇంజనీరు దూలాన్ని డిజైన్ చేసే లెక్కలతోనే వాటిని వివరించాడు. అప్పట్లో వృక్షశాస్త్రవేత్తలు చాలామందికి అది నచ్చలేదు. నాకు మాత్రం మన సబ్జెక్టు అక్కడ పుట్టిందనిపిస్తుంది.

విద్యార్థులు పెన్నులు తీయండి, ఒక చిన్న లెక్క. 10 మి.మీ. వ్యాసం ఉన్న నిండు కడ్డీ తీసుకోండి. సరిగ్గా అంతే పదార్థంతో 20 మి.మీ. వ్యాసం ఉన్న గొట్టం చేస్తే గోడ మందం ఎంత వస్తుంది? సుమారు 1.3 మి.మీ. ఇప్పుడు రెండింటి మూమెంట్ ఆఫ్ ఇనర్షియా, అంటే ఆకారం వంపును ఎంత ఎదిరిస్తుందో చెప్పే అంకె, లెక్క కట్టండి. గొట్టానిది సరిగ్గా 7 రెట్లు. అంటే అంతే పదార్థం, అంతే బరువు, అవే కణాలు, అదే రసాయనం. వంగకుండా నిలిచే శక్తి ఏడింతలు. విరగకుండా తట్టుకునే బలం మూడున్నర రెట్లు. ఈ అంకెలు గుర్తుంచుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాం.

మరి గొట్టాన్ని అలా వెడల్పు చేసుకుంటూ పోతే సరిపోతుంది కదా అంటారు. పోలేం. బొప్పాయి ఆకు కాడ తీసుకుని నెమ్మదిగా వంచండి. కొంతవరకూ చక్కగా వంగుతుంది, ఆ తరువాత గుండ్రని గొట్టం చపటగా మారుతుంది, ఉన్నట్టుండి ఒకచోట మడతపడి కూలబడుతుంది. పదార్థం తెగలేదు, ఆకారం చెడింది. గొట్టం ఇలా చపటబడి కూలే తీరును 1927లో బ్రేజియర్ అనే ఇంజనీరు లెక్కగట్టి చూపించాడు. గోడ ఎంత పలచనైతే ఈ ప్రమాదం అంత ఎక్కువ.

గడ్డి జాతి దీనికి రెండు ఏర్పాట్లు చేసుకుంది. ఒకటి కణుపు. కణుపు దగ్గర నారలు అడ్డంగా అల్లుకుని గొట్టానికి అడ్డుగోడ కట్టినట్టు ఉంటాయి, అక్కడ అది చపటబడదు. రెండోది బెండు. బెండును చాలామంది పనికిరానిదనుకుంటారు. తూకానికి తేలిక, లాగితే తెగిపోతుంది, దాని సొంత బలం లెక్కలోకే రాదు. అయినా అది లోపలినుంచి పెంకును గుండ్రంగా పట్టి ఉంచుతుంది. ఈ మాట నమ్మకం కలగకపోతే రబీ జొన్నలో చార్‌కోల్ రాట్ తెగులు పట్టిన చేనుకు వెళ్లండి. గింజ గట్టిపడే వేళ బెట్ట వచ్చిందంటే నేలలోని శిలీంధ్రం కాడ మొదట్లోకి చేరి బెండును తినేస్తుంది. కాడ చీల్చి చూస్తే నారలు మాత్రం విడివిడిగా మిగిలి ఉంటాయి, వాటిమీద నల్లని పొడి చల్లినట్టు ఉంటుంది. నారలు ఉన్నాయి, పెంకు ఉంది. అయినా ఒక మాదిరి గాలికే చేను మొదట్లోకి కూలుతుంది. బెండు చేసే పని ఏమిటో అది పోయాకే తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. చెట్టుకూ గడ్డికీ పెద్ద తేడా ఇదే. చెట్టు ప్రతి ఏడూ లావెక్కుతుంది. గాలి ఎక్కువ తగిలే చెట్టు మొదలు మరింత లావెక్కుతుంది. గడ్డికి ఆ సౌకర్యం లేదు. దాని కాండంలో చెట్టుకున్నట్టు ఏటేటా కొత్త కలప కట్టే పొర ఉండదు. ఒక కణుపుకూ ఇంకో కణుపుకూ మధ్య ముక్క ఏర్పడేటప్పుడు ఎంత లావు నిర్ణయమైందో అంతే. తరువాత గోడలు దళసరి కావచ్చు, గట్టిపడవచ్చు, వ్యాసం పెరగదు. మీరు మొదట్లో మొక్కలు మరీ దగ్గర దగ్గరగా వేసి, నత్రజని దండిగా పోస్తే, వెలుతురు కోసం పోటీపడి మొదటి కణుపుల మధ్య దూరం పొడుగై, కాడ సన్నబడుతుంది. మూడు నెలల తరువాత పొటాష్ వేసినా ఆ సన్నదనం పోదు. నాలుగు మీటర్ల కాడ భవిష్యత్తు అది మోకాలెత్తు ఉన్నప్పుడే చాలావరకు తేలిపోతుంది.

ఎత్తుకూ లావుకూ లెక్క 1881లో గ్రీన్‌హిల్ అనే గణిత శాస్త్రవేత్త ఇచ్చాడు. ఒక నిలువు స్తంభం తన బరువుకు తానే వంగి కూలకుండా ఎంత ఎత్తు పోగలదో చెప్పే సూత్రం. దాని ప్రకారం ఎత్తు రెట్టింపు కావాలంటే వ్యాసం రెట్టింపు చాలదు, సుమారు 2.8 రెట్లు కావాలి. గాలి ఇంకా లెక్కలోకి రాలేదు. గాలి వేగం రెట్టింపైతే అది కాడను తోసే బలం నాలుగు రెట్లవుతుంది. పైగా ఎత్తైన కాడ మొదట్లో పడే వంపు ఒత్తిడి, ఎత్తుతోపాటు పెరుగుతుంది.

లేత కాడ గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. గడ్డి మొక్క ప్రతి కణుపు పైనే పెరుగుతుంది. ఆ పెరిగే చోటు మెత్తగా ఉంటుంది, దాన్ని బయటనుంచి ఆకు తొడుగు గట్టిగా చుట్టి పట్టి ఉంచుతుంది. తొడుగు ఒలిచేసి చూడండి, లేత కాడ తల వాలుస్తుంది. అందుకే ఆకు ఎండి రాలకముందు కాడ బలాన్ని, రాలిన తరువాత కాడ బలాన్ని ఒకే గాటన కట్టకూడదు.

ఇప్పుడు రసాయనం. కణగోడలో మూడు ముఖ్య పదార్థాలు ఉంటాయి. సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, లిగ్నిన్. సెల్యులోజ్ సన్నటి దారాలుగా ఉంటుంది. లాగితే సాగకుండా నిలిచేది అదే. దాని స్ఫటికం ఎలాస్టిక్ మాడ్యులస్, అంటే సాగదీస్తే ఎంత బిగువుగా ఎదిరిస్తుందో చెప్పే కొలత, 130 గిగాపాస్కల్స్ పైమాటే. స్టీలుది 200. ఇంత గట్టి దారం గడ్డి పరకలో ఉందంటే మొదట నేనూ నమ్మలేదు. మొత్తం కాడను కొలిస్తే వచ్చేది మాత్రం కొద్ది గిగాపాస్కల్స్. ఎందుకంటే అందులో నీరుంది, బెండుంది, దారాలన్నీ నిలువుగా ఉండవు.

లిగ్నిన్ ఆ దారాల మధ్య నిండి, వాటిని ఒకదానికొకటి అతికి, నొక్కుడుకు నలగకుండా చూస్తుంది, నీటిని లోపలికి రానివ్వదు. గడ్డి జాతుల్లో ఫెరులిక్ ఆమ్లం ద్వారా హెమీసెల్యులోజ్‌కూ లిగ్నిన్‌కూ ముడులు పడి ఉంటాయి. గాలి లేని చోట పనిచేసే సూక్ష్మజీవులకు లిగ్నిన్ కొరుకుడు పడదు. గడ్డిని మగ్గబెట్టే బయోగ్యాస్ డైజెస్టర్‌లో దాదాపు ఎలా వెళ్లింది అలా బయటికి వస్తుంది. పోతూ పోతూ తన చాటున ఉన్న సెల్యులోజ్‌ను కూడా కాపాడుకుని పోతుంది. ఇథనాల్ తీసేవాళ్లు ఆమ్లాలతో, ఆవిరితో ముందుగా కాడను శుద్ధి చేసేది ఈ ముడులు విప్పడానికే. ఖర్చులో పెద్ద భాగం అక్కడే పోతుంది.

దీన్ని బట్టి అందరూ ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. లిగ్నిన్ ఎక్కువైతే కాడ బలం, తక్కువైతే గ్యాసు ఎక్కువ, రెండూ కావాలంటే కుదరదు అని. పాఠ్యపుస్తకాల్లో కూడా ఇలాగే ఉంటుంది. అంత తేలిక కాదు. వరిలో పెళుసు కాడ మొక్కలు కొన్ని ఉన్నాయి. పొలంలో మామూలు మొక్కలాగే కనబడతాయి, చేత్తో వంచితే పుటుక్కున విరుగుతాయి. దానికి కారణమైన ఒక జన్యువును చైనా శాస్త్రవేత్తలు 2003లో పట్టుకున్నారు. ఆ మొక్కల్లో సెల్యులోజ్ తగ్గింది, నారకణాల గోడలు పలచనయ్యాయి. లిగ్నిన్? అది పెరిగింది. లిగ్నిన్ పెరిగినా కాడ విరిగింది.

రెండో వైపు చూడండి. మొక్కజొన్నలో ఆకు మధ్య ఈనె గోధుమ రంగులో ఉండే మొక్కలు 1924లో అమెరికాలోని మిన్నెసోటాలో కనబడ్డాయి. వాటిలో లిగ్నిన్ తక్కువ. 1978లో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు జొన్నలోనూ ఇలాంటివి సృష్టించారు. పశువులకు బాగా అరుగుతాయి. ఇవి పడిపోతాయన్న పేరు వచ్చింది, నిజమే, కొన్ని రకాల్లో పడ్డాయి. కానీ అదే జన్యువును వేరే రకంలోకి మారిస్తే నిలబడ్డ సందర్భాలూ ఉన్నాయి. ఒకే లోపం, ఒకచోట పడింది, ఒకచోట నిలబడింది. అంటే నిలబెట్టేది ఇంకేదో ఉంది.

ఆ ఇంకేదో ఏమిటో 2015లో మొక్కజొన్న కాండం మీద చేసిన ఒక కంప్యూటర్ విశ్లేషణ బాగా చూపించింది. డేనియల్ రాబర్ట్‌సన్, డగ్లస్ కుక్ బృందం పని అది. కాండం ఆకారాన్ని కంప్యూటర్లో పెట్టి, వ్యాసం, గోడ మందం లాంటి కొలతలను కొద్దిగా మార్చి చూశారు. విడిగా పదార్థం గుణాలను అంతే శాతం మార్చి చూశారు. కాండంలో పుట్టే ఒత్తిడి మీద ఆకారం చూపిన ప్రభావం పదార్థం చూపిన ప్రభావంకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఇందాకటి ఏడింతల లెక్క గుర్తుందా? అదే ఇక్కడ నిజమైన మొక్కలో. ఆకారం బాగుంటే, సులువుగా అరిగే మెత్తటి పదార్థంతో కూడా కాడను నిలబెట్టవచ్చు. బయోమాస్ పంటలకు ఇంతకన్నా ఉపయోగపడే మాట ఈ పదిహేనేళ్లలో నేను వినలేదు. కొత్త రకాలు తయారుచేసే బ్రీడర్లు లిగ్నిన్ శాతం కోసం ల్యాబులో తంటాలు పడుతున్నంతగా, పొలంలో వ్యాసం కొలిచే వెర్నియర్ కాలిపర్ పట్టుకుని తిరగడం లేదు.

కొలిచే పద్ధతి గురించి ఇంజనీరింగ్ పిల్లలకు ఒక హెచ్చరిక. మీ ల్యాబులో యూనివర్సల్ టెస్టింగ్ మెషీన్ ఉంటుంది. కాడ ముక్కను రెండు ఆధారాల మీద పెట్టి మధ్యలో నొక్కుతారు. చిన్న ముక్క తీసుకుని, రెండు కణుపుల నడుమ మెత్తటి చోట నొక్కితే ఏమవుతుంది? కాడ వంగదు, మీ నొక్కుడు బిళ్ల కింద చితికిపోతుంది. మీకు వచ్చే అంకె చితుకుడు బలం. దాన్ని వంపు బలమని రికార్డులో రాస్తారు. పొలంలో కాడ ఎలా విరిగిందో అలా ల్యాబులోనూ విరగాలి. మొక్కజొన్న పొలాల్లో పడ్డ కాండాలను పరిశీలిస్తే ఎక్కువ భాగం కణుపుకు కాస్త పైన మడతపడి ఉంటాయి. అందుకని ముక్క పొడవుగా తీసుకోండి, బరువు కణుపు మీద వేయండి. ఆధారాలు కూడా కణుపుల కిందే పెట్టండి. ఇంకా మంచిది, నిలబడ్డ కాడనే పొలంలో పక్కకు తోసి, ఎంత బలానికి ఎంత వంగిందో కొలవడం. దానికి పరికరాలు వచ్చాయి. స్ప్రింగ్ త్రాసుతో మొదలుపెట్టినా తప్పు లేదు.

మిస్కాంథస్ గురించి చెప్పకుండా ఈ సబ్జెక్టు పూర్తి కాదు. జపాన్‌లో రెండు జాతులు సహజంగా కలిసి పుట్టిన సంకరం ఇది. క్రోమోజోములు రెండు కట్లకు బదులు మూడు కట్లు ఉండటంతో గింజ కట్టదు, నేలలోని దుంప ముక్కలతో నాటాలి. 1935లో డెన్మార్క్‌కు చెందిన ఆక్సెల్ ఓల్సెన్ దాన్ని యూరప్‌కు తెచ్చాడు. అందం కోసం తోటల్లో పెంచారు. 1970ల చమురు సంకటం తరువాత ఇంధనంగా దానిమీద చూపు పడింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు స్విచ్‌గ్రాస్ పక్కన పెట్టి పెంచి చూస్తే హెక్టారుకు ఎండు బరువు సుమారు 30 టన్నులు వచ్చింది, స్విచ్‌గ్రాస్ సుమారు 10 టన్నులు ఇచ్చింది.

నాకు ఆసక్తి కలిగించేది దిగుబడి కాదు, దాని కోత. యూరప్‌లో దీన్ని పచ్చిగా ఉన్నప్పుడు కోయరు. శరదృతువులో మొక్క తన పోషకాలను దుంపలోకి దించుకుంటుంది, మంచు పడ్డాక కాడ చనిపోతుంది. చనిపోయిన కాడను అలాగే చలికాలమంతా పొలంలో నిలబెట్టి, మార్చి, ఏప్రిల్ నెలల్లో కోస్తారు. అప్పటికి తేమ 20 శాతం దాకా, ఇంకా కిందికి కూడా దిగుతుంది. ఆరబెట్టే ఖర్చు లేదు, బూడిద తక్కువ, పొటాషియం, క్లోరిన్ వానకు కడుక్కుపోయి బాయిలర్‌కు మేలు. దానికి బదులు ఆకులు, కొసలు రాలిపోయి మొత్తం బరువులో మూడో వంతు దాకా పోతుంది. ఆలోచించండి, నాలుగు నెలలు గాలిలో, మంచు బరువులో ఒక చనిపోయిన కాడ నిలబడాలి. బతికున్న మొక్క వంగితే కణుపు దగ్గర మళ్లీ పైకి తిరుగుతుంది. పడిన వరి తల ఎత్తడం మీరు చూసే ఉంటారు. చనిపోయినదానికి ఆ అవకాశం లేదు. ఎండిన కొద్దీ అది బిగుసుకుంటుంది, అలాగే పెళుసవుతుంది, నిలువునా చీలుతుంది. అప్పుడు పడిందంటే యంత్రం కిందికి రాదు, నేల తేమ పీల్చుకుని బూజు పడుతుంది. ఎండే దాకా ఆగుదామన్న లెక్క మొత్తం కాడ బలం మీదే నిలబడి ఉంది.

ఈ గడ్డి బలం జపాన్‌ వాళ్లకు కొత్త కాదు. షిరకవ గ్రామంలోని నిట్టనిలువు వాలు పైకప్పుల ఇళ్లు 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. వాటి మీద కప్పేది మిస్కాంథస్ జాతి గడ్డే. ఆ మంచు బరువును దశాబ్దాల పాటు మోస్తుంది. అక్కడ బలమూ, కుళ్లని గుణమూ రెండూ కావాలి. లిగ్నిన్, సిలికా (ఇసుకలో ఉండే గట్టి పదార్థం) ఎంత ఉంటే అంత మంచిది.

కాబట్టి కాడ ఏ గుమ్మంలోకి పోతుందో ముందు చెప్పండి, అప్పుడు మంచి కాడ ఏదో చెప్పొచ్చు. గ్యాసు ప్లాంటుకైతే లిగ్నిన్ శత్రువు. గుళికలు కట్టడానికి అదే లిగ్నిన్ వేడికి మెత్తబడి జిగురులా పనిచేస్తుంది. మన దేశంలో బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో బయోమాస్ గుళికలు కలపాలని 2021 విధానం చెప్పింది. అక్కడ ఇబ్బంది పొడి చేయడం. బొగ్గు చిట్లుతుంది, గడ్డి చిట్లదు. నారలు సాగి, చిక్కుపడి, జల్లెడ మూస్తాయి. గాలి తగలకుండా 200 నుంచి 300 డిగ్రీల మధ్య వేయిస్తే హెమీసెల్యులోజ్ విడిపోయి కాడ పెళుసవుతుంది, అప్పుడు పొడి అవుతుంది. సిలికా సంగతి సరేసరి, ఇంధనంలో దేనికీ పనికిరాక కత్తులు అరగదీస్తుంది.

మన దగ్గర పరిస్థితికి వస్తే, 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలోని దివాకరపల్లిలో కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. దానికి మేతగా బీడు భూముల్లో నేపియర్ పెంచుతామన్నారు. పాడి రైతుకు నేపియర్ తెలుసు, సూపర్ నేపియర్ ముక్కలు సంతల్లో అమ్ముతున్నారు. అమ్మేవాళ్లు ఎకరానికి ఇన్ని వందల టన్నులంటారు. అదంతా పచ్చి బరువు, అందులో మూడొంతుల పైన నీరే. ఎండు బరువు ఎంత అని అడిగేవాళ్లు తక్కువ. కాడ వ్యాసం ఎంత, జూన్ గాలికి ఎంత శాతం పడింది అని అడిగినవాణ్ని నేను చూడలేదు. రకాల పోలిక పట్టికలో ఆ రెండు గళ్లు చేర్చాలని ఎప్పటినుంచో అంటున్నాను.

చెరకు రైతులు ఈ విషయంలో అందరికన్నా ముందున్నారు. తోట పడకుండా పక్క పక్క దుబ్బుల్ని ఎండుటాకుతో జడచుట్లు వేసి, వెదురు గడలతో నిలబెడతారు. అనకాపల్లి వైపు వెళితే చూడొచ్చు. ఒక్కో కాడ బలం చాలకపోతే నాలుగు కాడల్ని ఒకటిగా కట్టి వెడల్పు పెంచడం, అంటే మళ్లీ ఆకారమే. కానీ దానికి కూలీ ఖర్చు చక్కెర ధర ఉన్న పంటకు చెల్లుతుంది, గడ్డికి చెల్లదు.

చెరకుకు రెల్లుతో ఉన్న బంధుత్వం కూడా ఇక్కడ పనికొస్తుంది. గోదావరి లంకల్లో మనం చూసే రెల్లునే కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రంలో బార్బర్, వెంకట్రామన్ అనే శాస్త్రవేత్తలు చెరకుతో కలిపారు. 1918లో కో 205 అలా వచ్చింది. అప్పుడు రెల్లు నుంచి కోరుకున్నది గట్టిదనం, బెట్టను తట్టుకోవడం. ఆ తరువాత మళ్లీ మళ్లీ చెరకుతో కలిపి తీపి పెంచుకున్నారు. ఇప్పుడు ఎనర్జీ చెరకు కోసం అదే దారిలో వెనక్కి నడుస్తున్నారు. రెల్లు వాటా ఎక్కువ పెట్టి, చక్కెర తగ్గినా పిప్పి పెరిగేలా చేస్తున్నారు. మామూలు చెరకులో నార 12 నుంచి 15 శాతం, వీటిలో 20 దాటుతుంది. రెల్లు రక్తం పెరిగితే పిలకలు పెరుగుతాయి, కాడ మాత్రం సన్నబడుతుంది. నార పెరిగింది కదా గట్టిగా నిలుస్తుందిలే అనుకుంటే సరిపోదు. సన్నబడ్డ ఆ కాడ లెక్క ఇందాకటి సూత్రాలతో వేసి చూసుకోవాలి.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

ఒక రైతు: అయ్యా, నేపియర్ ముదిరేదాకా ఉంచితే తూకం పెరుగుతుంది కదా. గ్యాసు ప్లాంటు వాళ్లు లేతగా తెమ్మంటే మాకు నష్టం కాదా?

తూకం పెరుగుతుంది, ఎండు పదార్థం కూడా పెరుగుతుంది, మీరన్నది నిజమే. కాకపోతే ముదిరేకొద్దీ కింది కణుపుల్లో లిగ్నిన్ చేరుతుంది, టన్నుకు వచ్చే గ్యాసు పడిపోతుంది. మీకు టన్ను మీద డబ్బు, వాళ్లకు గ్యాసు మీద డబ్బు. ధర పచ్చి బరువు మీద కడితే ఈ గొడవ ఎప్పుడూ ఉంటుంది. ఎండు పదార్థం మీద, కోత వయసు మీద కలిపి ధర కట్టమని అడగండి. ఒప్పందం రాసుకునేటప్పుడే అడగాలి, తరువాత ఎవరూ వినరు. ఇంకొకటి, లేతగా తరచూ కోస్తే కాడ అంత ఎత్తుకు పోదు కాబట్టి పడిపోయే భయమూ తగ్గుతుంది. మీ ఊళ్లో గాలి ఎక్కువైతే అదీ లెక్కలో వేసుకోండి.

ఒక విద్యార్థిని: సార్, కోత యంత్రంలో కత్తి వేగం పెంచితే మంచిదా, కోణం మార్చితే మంచిదా?

రెండూ చూడాలమ్మా, కానీ ముందు పదును. మొండి కత్తి కాడను కోయదు, పీకుతుంది. తరువాత కోణం. మిస్కాంథస్ కాడలను కత్తి అడ్డంగా కాకుండా ఏటవాలుగా తగిలేలా పెట్టి కోస్తే పట్టే శక్తి బాగా తగ్గినట్టు ఇల్లినాయ్ పరీక్షల్లో తేలింది. మన కొడవలి వంపు చేసేది అదే పని. వేగం సంగతి, నిలబడ్డ కాడకు వెనక ఆధారం లేదు కాబట్టి ఒక స్థాయి వేగం తప్పదు, లేకపోతే కాడ వంగి తప్పుకుంటుంది. ఆ స్థాయి దాటాక వేగం పెంచితే డీజిలు ఖర్చే. బాగా మొదట్లోకి కోస్తే దళసరి గోడ తగిలి శక్తి ఎక్కువ పడుతుంది, పైగా దెబ్బకు దుబ్బు చీలితే మరుసటి కోత పిలకలు దెబ్బతింటాయి. మీరు ప్రాజెక్టు చేస్తానంటే ఒకే దుబ్బులో కింది రెండు, మూడు, నాలుగు కణుపుల నడిమి ముక్కలు విడివిడిగా కోసి, ఒక్కోదానికి ఎంత శక్తి పట్టిందో కొలవండి. ఎండినవీ పచ్చివీ వేరు వేరుగా. తేమ రాయకుండా అంకె మాత్రం రాయొద్దు.